దాఖలు చేయని దివాలా పిటిషన్

కర్నూలు కోర్టు దగ్గర ఒక వకీలు గారి వద్ద ముప్పై ఎనిమిదేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. ఈ కాలంలో నా చేతి మీదుగా ఎన్ని దివాలా పిటిషన్లు వెళ్ళాయో లెక్క పెట్టుకోలేదు. మా వైపు దివాలా అనరు, ఐపీ అంటారు. ఫలానాయన ఐపీ పెట్టాడంటే ఇక వివరం అక్కర్లేదు. అప్పులు తీర్చలేనని కోర్టులో ఒప్పుకొని, ఉన్న ఆస్తి కోర్టుకు అప్పగించి, అప్పులవాళ్ళ నుంచి రక్షణ అడిగాడని అర్థం. నేను రాసిన ఆ పిటిషన్లన్నీ కోర్టు రికార్డు గదిలోనే ఉన్నాయి. నా బీరువాలో మిగిలింది ఒక్కటి, దాఖలు చేయనిది. పదకొండు పేజీలు.

దాని గురించి ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఈమధ్య నన్ను టీకొట్టు దగ్గర పట్టుకొని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. "సార్, కార్డు బాకీలు పెరిగిపోయినాయి, ఐపీ పెడితే అంతా కొట్టేస్తారంట గదా?" అడిగేవాళ్ళలో చాలామందికి ముప్పై ఏళ్ళు నిండలేదు. అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పి పంపలేకపోతున్నాను. చెప్పాలంటే ఆ పదకొండు పేజీల సంగతి చెప్పాలి. అందులో తప్పు చేసింది నేనే కాబట్టి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

నా బడిచదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. ఈ మాట గర్వంగానే చెప్తాను. ఆదివారం పొద్దున తలుపులు తీసేసరికి మెట్ల మీద ఉండేవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకొని దివాలా చట్టం మీద ఒక పాత వ్యాఖ్యాన గ్రంథం మూడుసార్లు మొదటి నుంచి చివరిదాకా చదివాను. దాని బైండింగ్ ఊడిపోతే నా డబ్బుతోనే కుట్టించాను. జూనియర్ వకీళ్ళు వచ్చి సెక్షన్ నంబర్లు నన్నే అడిగేవాళ్ళు. మా వకీలు గారు కక్షిదారుల ముందు, "సెక్షను నన్నడగొద్దు, మా గుమాస్తానడుగు" అనేవారు. జీతం తక్కువైనా ఆ మాట కోసం ఇంకో పదేళ్ళు పనిచేసి ఉండేవాణ్ణి.

కరోనా అయిపోయిన రెండేళ్ళకు, ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక భార్యాభర్త ఆఫీసుకు వచ్చారు. అతను కల్లూరులో వెల్డింగ్ షాపు పెట్టుకొని కిటికీ గ్రిల్స్, గేట్లు చేస్తాడు. పత్తికొండ అవతలి పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఆమె పుట్టిల్లు ఒంటిమిట్ట దగ్గర. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు నిండా బ్యాంకు కాగితాలు తెచ్చింది.

"ఐపీ పెట్టాల సార్. ఎంతవుతాది?" అన్నాడు నిలబడే.

"ముందు కూర్చోప్పా. ఎవరికి బాకీ, ఎంత?"

"మూడు కార్డులు. నాలుగు లక్షల చిల్లర చూపిస్తాండారు. నేను వాడుకున్న దుడ్లు రెండున్నరే సార్. మిగిలిందంతా వాళ్ళేసుకున్నదే."

సంగతి ఇలా మొదలైంది. మూడంతస్తుల భవనానికి గ్రిల్స్ పని ఒప్పుకున్నాడు. సామాను కార్డు మీద కొన్నాడు. బిల్డరు సగం డబ్బు ఎగ్గొట్టి ఫోన్ నంబరు మార్చేశాడు. మొదటి కార్డుకు కట్టడానికి రెండో కార్డు, రెండోదానికి మూడోది. కల్లూరులో ఒక సెల్‌ఫోన్ల షాపులో మిషన్ మీద కార్డు గీకితే వందకు మూడు రూపాయలు పట్టుకొని నగదు ఇస్తారు. ఏడాదిన్నర అలా గీకుతూ పోయాడు. చివరికి గీకడానికి ఏ కార్డులోనూ ఏమీ మిగలలేదు. అప్పుడు ఫోన్లు మొదలయ్యాయి.

"నాకు చేస్తే పడతా సార్," అన్నాడు. "ఒకాయనకు గేటు పని ఒప్పుకుంటి. నంబరు యాడ పట్టినారో, 'నీ ఇంటికి గేటు చేసేటోడు దొంగ' అని ఆయనకే చెప్పినారు. ఆయప్ప అడ్వాన్సు ఎనక్కి తీసుకున్నాడు."

కార్డు బాకీ నేరం కాదనీ, పోలీసులు పట్టుకుపోరనీ, బ్యాంకు సివిల్ కోర్టులో దావా వేసుకోవాల్సిందేననీ, పక్కవాళ్ళకు ఫోన్ చేసి పరువు తీసే హక్కు వాళ్ళకు లేదనీ చెప్పాను. ఇదంతా సరైన మాటే. ఆమె మొహంలో కొంచెం తెరిపి కనిపించింది. అక్కడితో ఆగి, ఇంకో దారి ఉందేమో చూద్దామని అనాల్సింది. కానీ ఐపీ అనే మాట వినగానే నా బుర్రలో సెక్షన్లు వరుసగా నిలబడ్డాయి. కాగితం తీసి, "ఆస్తులేమున్నాయి?" అని అడిగాను.

"రెండు సెంట్ల జాగా, అందులో రేకుల ఇల్లు. దాన్ని మా ఆడమనిషి పేరుకు రాసేసి పెడితే?"

"ఊరికే రాసిస్తే రెండేళ్ళ వరకూ కోర్టు దాన్ని రద్దు చేయొచ్చు. ఆ పని వద్దు."

అప్పటిదాకా మాట్లాడని ఆమె, "అయితే ఇల్లు పోతాదా సార్?" అంది.

"పోవచ్చమ్మా."

"పోతే పోనీలే," అన్నాడతను. "ఈ ఫోను మోగకుంటే సాలు."

మా వకీలు గారు ఆ వారమే కంటి ఆపరేషన్ చేయించుకొని నల్లద్దాలతో ఇంట్లో ఉన్నారు. వెళ్ళి చెప్తే, "కార్డులకు ఐపీనా?" అని కాసేపు ఆలోచించి, "సరే, అప్పులన్నీ అడిగినావా? కార్డులొకటే కాదు, చేబదుళ్ళతో సహా అన్నీ ఉండాల," అన్నారు.

ఐపీలో ఎ షెడ్యూలు అప్పులది, బి షెడ్యూలు ఆస్తులది. ఒక్క అప్పు దాచినా ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టే. మళ్ళీ పిలిపించి అడిగాను. ఆమె అన్న దగ్గర నలభై వేలు, కాగితం లేదు. ఇంకా? ఆమే చెప్పింది: కర్నూలు పాత ఊరిలో ఇనుపకొట్టు భాయ్‌కి అరవై వేల పైన.

"భాయ్ పేరు వద్దు సార్," అన్నాడు వెంటనే. "భాయ్‌ది అప్పు కాదు."

"మరేమి?"

"అది ఇనుము సార్."

నాకు నవ్వొచ్చింది. ఋణదాత అనే మాటకు చట్టం ఏం చెబుతుందో, ఆ పాత గ్రంథంలో ఏ పేజీలో ఉందో కూడా చెప్పి మరీ వివరించాను. అతను విన్నాడు. నాకు ఎదురు చెప్పడానికి అతని దగ్గర సెక్షన్ లేదు.

"రాసుకో సార్. కానీ భాయ్‌కి నేనే చెప్తా. ఒక్క వారం టైమియ్యి."

ఇచ్చాను. కోర్టుకు వేసవి సెలవులు వస్తున్నాయి. సోమవారం దాఖలు చేయకపోతే ఇంకో నెల ఆగాలి. పిటిషన్ అచ్చుతప్పు లేకుండా తయారైంది. ఎ షెడ్యూలులో ఐదో వరుస మాత్రం సగం ఖాళీగా ఉంది. కోర్టు నోటీసు వెళ్ళాలంటే అప్పులవాడి తండ్రి పేరు, డోర్ నంబరు కావాలి. వారంలో మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు నాకు ఆ ఖాళీ గడి చూస్తూ కూర్చోబుద్ధి కాలేదు. సైకిలెక్కి పాత ఊరికి వెళ్ళాను.

భాయ్‌కి డెబ్బై ఏళ్ళుంటాయి. ఇనుప కడ్డీల వరుసల మధ్య స్టూలు మీద కూర్చొని, దారంతో కట్టిన నోటు పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఏదో సర్వే కోసం అన్నట్టు పేరు అడిగాను, చెప్పాడు. తండ్రి పేరు, డోర్ నంబరు అడిగాను. కలం పక్కన పెట్టాడు.

"ఎవరిది ఐపీ?" అన్నాడు.

నేను కాగితం మీదికి తల వంచాను.

"గుమాస్తాలు ఈ రెండు ప్రశ్నలు నన్ను ఇంతకుముందు నాలుగు తూర్లు అడిగినారప్పా. నాలుగు తూర్లూ ఎనకనే నోటీసొచ్చింది. ఎవరో చెప్పు, టీ తాగుతా మాట్లాడుకుందాం."

చెప్పకూడదని తెలుసు. చెప్పలేదు కూడా. కానీ నా చేతిలోని కాగితం పైన పెద్ద అక్షరాలతో పిటిషనర్ పేరు టైపు చేసి ఉంది. ఆయన కళ్ళజోడు సర్దుకొని చదివాడు. తర్వాత తండ్రి పేరు, డోర్ నంబరు నెమ్మదిగా, నేను తప్పు రాయకుండా ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాడు. టీ కూడా తెప్పించాడు. ఆ టీ తాగడం నా ఉద్యోగంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

మర్నాడు ఉదయం ఆమె ఒక్కతే వచ్చింది. షేర్ ఆటో దిగి ఎండలో నడిచొచ్చినట్టుంది, చెంగుతో మొహం తుడుచుకుంటూనే మొదలుపెట్టింది.

"ఎవురినడిగి పోయినావు సార్ భాయ్ కొట్టు కాడికి?"

"నోటీసుకు అడ్రసు కావాల గదమ్మా."

"అడ్రసు మాకు తెలీదా? పదైదేండ్లుగా పోతాండాం ఆ కొట్టుకు. మేమే చెప్పుకుంటామని వారం అడిగితిమి గదా! మా ఆయన నోట్లోనించి రావాల్సిన మాట నీ కాగితంలోనించి పాయ. పొద్దున కడ్డీలకు పోతే 'రొక్కం తెచ్చుకో' అని పనోడితో చెప్పించినాడు భాయ్. మొగం గూడ చూపియ్యలే."

ఒక కొత్త ఇంటి కిటికీల పని సగంలో ఉంది. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు. ఇనుము రాకపోతే పని పూర్తి కాదు, పని పూర్తి కాకపోతే డబ్బు రాదు. ఆమె చెప్తుంటేనే అతని వ్యాపారం నాకు మొదటిసారి అర్థమైంది. సోమవారం భాయ్ దగ్గర ఇనుము తెస్తాడు, పని చేసి అప్పజెప్తాడు, వచ్చిన డబ్బులో భాయ్‌కి ఇచ్చి మళ్ళీ ఇనుము తెస్తాడు. చేతిలో రొక్కం ఎప్పుడూ ఉండదు.

"నువ్వు శానా సదువుకున్నావంట సార్," అంది. "మా ఆయన పొద్దున లేచి యాడికి పోతాడో అదొక్కటి సదవల్యా?"

నేను మంచినీళ్ళిచ్చాను. తాగి, కొంచెం తగ్గి, ఒక ప్రశ్న అడిగింది.

"ఐపీ పెట్టినాంక మళ్ళా అప్పుకు ఇనుము తెచ్చుకోవచ్చునా?"

చెప్పబోయి ఆగిపోయాను. చట్టం చివరి పేజీల్లో ఒక సెక్షన్ ఉంది. నాకది కంఠస్థం. కోర్టు దివాలాదారుగా ప్రకటించిన మనిషి, ఆ దివాలా నుంచి విడుదల ఉత్తర్వు వచ్చేదాకా, తాను దివాలాదారునని చెప్పకుండా యాభై రూపాయలో అంతకు మించో అప్పు తీసుకుంటే నేరం, జైలు. యాభై రూపాయలకు ఒక కిలో ఇనుము కూడా రాదు. మూడుసార్లు చదివాను ఆ పుస్తకం. ఈ మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ సెక్షన్ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఆమెకు చెప్పాను.

"అంటే పతిసారీ 'నేను దివాలా తీసినోణ్ణి' అని చెప్పి అడగాల?"

"అవునమ్మా."

"ఎవురిస్తారు సార్?"

ఆ సాయంత్రం వకీలు గారికి అంతా విన్నవించాను. కోప్పడతారనుకున్నాను. నల్లద్దాలు తీసి తుడుచుకొని, "సోమవారం కోర్టుకు పోవద్దు. ఆ కాగితాలు పట్టుకొని ఇనుపకొట్టుకు పో. నేను రాను, తప్పు నీది," అన్నారు.

సోమవారం ముగ్గురం వెళ్ళాం. అతను కొట్టు దాకా వచ్చి గడప అవతలే నిలబడిపోయాడు. ఆమె మోచెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చింది.

"ఏమప్పా గుమాస్తా, ఇంకేమన్నా నంబరు కావాల్నా?" అన్నాడు భాయ్.

"తప్పు నాది భాయ్. నీకు తనే చెప్పుకుంటానని వారం అడిగినాడు. నేను ఆగలేదు."

భాయ్ అతని వైపు తిరిగాడు. "నువ్వే వచ్చి చెప్పింటే నేనేం చేసింటా?"

"తిడతావనుకుంటి భాయ్."

"తిట్టింటా. తిట్టి ఇనుమిచ్చింటా. ఇప్పుడు తిట్టనూ లేదు, ఇనుమూ ఇయ్యలేదు. ఏది మేలు?"

అతను గోడ వైపు తిరిగి కండువాతో కళ్ళొత్తుకున్నాడు. భాయ్ నన్ను అడిగాడు.

"ఐపీ పెడితే నాకెంత వస్తాది?"

"ఇల్లు అమ్మి, ఖర్చులు పోను, అందరికీ భాగాల ప్రకారం. ఎంతని చెప్పలేను. కొన్నేండ్లు పడుతుంది."

"వీళ్ళ ఇల్లమ్మిన దుడ్లు నేను తినాల్నా? పెట్టకుంటే ఆ బ్యాంకోళ్ళ సంగతేమి?"

మొదటి రోజే చెప్పాల్సింది అప్పుడు చెప్పాను. కార్డులు వాడటం ఆపేయాలి. ఫోన్లో కాదు, కాగితం మీద ఒక్కో బ్యాంకుకూ ఉన్న పరిస్థితి రాసి, ఇంత కట్టగలను, ఇంతటితో మూసేయండని అడగాలి. ఒప్పుకుంటే లెటరు చేతికొచ్చాకే కట్టాలి. దావా వేస్తే భయపడి దాక్కోకుండా వెళ్ళి లోక్ అదాలత్‌లో వాయిదాలు అడగాలి. మళ్ళీ బ్యాంకు అప్పు పుట్టడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఇల్లు, పని మాత్రం నిలబడొచ్చు.

"ఈ మాట ముందే చెప్పింటే నాకు ఆటో చార్జీలు మిగిలిండేవి," అంది ఆమె. భాయ్ నవ్వాడు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే అతని జేబులో ఫోన్ మోగింది. రోజూ మోగే నంబరే. అతను మా ముగ్గురి వైపూ చూశాడు. నిర్ణయించుకోవాల్సింది అతను. సెలవులకు ముందు అదే ఆఖరి రోజు, కోర్టు ఇంకా తెరిచే ఉంది, పిటిషన్ నా చంకలో ఉంది. ఫోన్ రెండు రింగులు, మూడు రింగులు. ఎత్తాడు.

"నేను యాడికీ పారిపోలే," అన్నాడు. "ఐపీ గూడ పెట్టలే. రేపు మీ బ్యాంకుకు కాగితం రాస్తాండా. మీరూ కాగితంలోనే జవాబియ్యండి." అని పెట్టేశాడు.

భాయ్ నా చేతిలోని పిటిషన్ వైపు చెయ్యి చాపాడు. "నా పేరు కొట్టేయ్. నా కండ్ల ముందర."

"కొట్టేస్తే ఇది చెల్లదు భాయ్."

"చెల్లొద్దనే చెప్తాండా."

ఐదో వరుస కొట్టేశాను. "మా అన్న పేరు గూడ," అంది ఆమె. నాలుగో వరుస కూడా కొట్టేశాను.

అంతా సుఖాంతమైందని రాస్తే అబద్ధమవుతుంది. భాయ్ ఆ రోజు కడ్డీలిచ్చాడు, కానీ పాత పద్ధతిలో కాదు. "సగం రొక్కం, సగం ఖాతా" అన్నాడు. ఏడాది తర్వాత గానీ మామూలు ఖాతా తెరవలేదు. నేను సైకిలెక్కి వెళ్ళిన అరపూట పనికి వాళ్ళు కట్టిన ధర అది. మధ్యలో పోయిన రోజుల వల్ల ఆ కొత్త ఇంటి గృహప్రవేశం రెండు కిటికీలకు గ్రిల్స్ లేకుండానే జరిగింది. ఒక బ్యాంకు ఆ వేసవిలోనే తగ్గించుకొని మూసేసింది. రెండోది పదకొండు నెలలు ఏడిపించింది. మూడోది దావా వేసింది, లోక్ అదాలత్‌లో వాయిదాలకు ఒప్పుకుంది. ఆ ఉత్తరాలన్నీ నేనే రాశాను, ఫీజు తీసుకోలేదు. ఆఖరి వాయిదా కట్టిన రోజు అతను మూడు కార్డులనూ షాపులో కటింగ్ చక్రం మీద పెట్టి కోశాడట. "వాసన రెండు దినాలు పోలేదు సార్" అని ఆమె చెప్పింది. ఇల్లు నిలబడింది.

ఐపీ తప్పని నేను అనడం లేదు. ఆ తర్వాత ఏడాదే పక్షవాతం వచ్చి మంచాన పడ్డ ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరరుకు ఐపీ రాశాను. ఆయనకు ఇల్లు లేదు, సంపాదన లేదు, మళ్ళీ అప్పు తెచ్చి నడపాల్సిన వ్యాపారమూ లేదు. ఏడు చోట్ల బాకీలు. ఆయనకు అదే సరైన దారి, అప్పుడూ ఇప్పుడూ అదే మాట. తేడా ఏమంటే, అప్పటికి నేను బాకీ ఎంతని అడిగే ముందు, మీకు రోజు ఎలా గడుస్తుంది, పొద్దున లేస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు అని అడగడం నేర్చుకున్నాను. మీరూ వకీలు దగ్గరికి వెళ్ళే ముందు దానికి జవాబు రాసుకొని వెళ్ళండి. వకీలు గుమాస్తా అడగకపోతే మీరే చెప్పండి.

ఇలాంటి రాతల చివర సాయం చేసిన వాళ్ళ పేర్లు వరుసగా రాసి దండం పెట్టడం చూశాను. నేనూ జాబితా రాసుకున్నాను. నేను చదివే పుస్తకం వేరే ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టిన గ్రంథపాలకుడు. తప్పు నీదని చెప్పి మళ్ళీ ఆ మాట ఎత్తని మా వకీలు గారు. తన కథ రాసుకోమన్న వెల్డింగ్ మేస్త్రి. నన్ను నిలబెట్టి కడిగేసిన అతని భార్య. కాగితం లేని నలభై వేలకు రెండేళ్ళు ఆగిన ఆమె అన్న. ఐదో వరుసలో భాయ్ పేరు రాశాను. రాశాక చూస్తే, చేతి అలవాటు కొద్దీ పక్కనే తండ్రి పేరు, డోర్ నంబరు కూడా రాసేసి ఉన్నాను.

ఈసారి అడగకుండా రాయకూడదని పోయిన వారం పాత ఊరికి వెళ్ళాను. ఆయన ఇప్పుడు ఎక్కువసేపు కూర్చోలేడు, కొట్టు కొడుకు చూస్తున్నాడు. నన్ను చూడగానే స్టూలు మీద నిటారుగా సర్దుకున్నాడు.

"ఈసారి ఎవరిదప్పా ఐపీ?"

"ఎవరిదీ కాదు భాయ్. ఒకటి రాస్తున్నా. మేలు చేసినోళ్ళ పేర్లు రాయాల. నీ పేరు రాయొచ్చునా?"

"ఒక తూరి రాస్తివి, కొట్టేస్తివి," అన్నాడు. "కొట్టేసిందే బాగుండాది. అట్లే ఉండనీ."

ఆయనది ఒక్కటే కొట్టేయలేక పై జాబితాలో ఎవరి పేరూ ఉంచలేదు. టీ తెప్పించాడు. ఈసారి ఇద్దరం తాగాం.